వచ్చినోళ్లు ఎప్పుడు పోతారంట?

ఆయన పోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. ఎనభైలు ముగుస్తున్న రోజులు. పరీక్షల పని మీద నంద్యాల నుంచి శిరివెళ్లకు పోతున్నాను. కండక్టరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. టికెట్టు చింపి చేతికిస్తూ, "సార్, మీ ఆళ్లగడ్డ పెద్దాయన పోయినాడంట గదా. టీ అంగడికాడ మీతో కొట్లాడుతుండె చూడు, ఆయప్ప" అన్నాడు.

"ఎప్పుడు?"

"చానా దినాలాయె సార్. మీకెవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నేను ఆయనకు ఏమవుతానని? బంధువును కాను, ఊరివాణ్ని కాను, కులంవాణ్ని అసలే కాను. ఏళ్ల తరబడి వాదించుకున్న ఇద్దరు మనుషుల మధ్య ఉండే చుట్టరికానికి మన భాషలో పేరు లేదు.

ఆయనది ఆళ్లగడ్డ అవతల ఒక ఊరు. దాని పేరు రాయను. ఆ ఊళ్లో జరిగినవి కొన్ని ఇప్పటికీ చల్లారలేదు.

నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన టీ అంగడి బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. చెప్పులు కింద, జోడు చెదరకుండా, ఒకదాని పక్కన ఒకటి. వాదనకు దిగే ముందు ఆయన చెప్పులు విడవాల్సిందే. "కాళ్లు ఊర్కుంటే గానీ నోరు కదలదప్పా" అనేవాడు. టీ వేడిగా తాగేవాడు కాదు. గ్లాసు మీద మీగడ తొరకలా కట్టేదాకా పక్కన పెట్టుకుని, మాట తేలాక ఒక్క గుక్కలో తాగేసేవాడు. మాట తేలని రోజున ఆ టీ అట్లాగే ఉండిపోయేది. మనం చెప్పేది ఒప్పుకోకపోతే కుడి అరచేయి ముందుకు చాపేవాడు, బస్సును ఆపేవాడిలాగా. మంచి బలమైన చేయి. కాలువ కింద వరి, మెట్టన జొన్న పండించిన చేయి.

పేపరు ఆయన కింది నుంచి పైకి చదివేవాడు. ముందు అడుగున మూలల్లో ఉండే నాలుగు లైన్ల విదేశీ వార్తలు, ఆ తర్వాత మధ్యవి, చివర పెద్ద అక్షరాలు. ఎందుకన్నా అంటే, "పైనుండేటివి వాళ్లు చెప్పాలనుకున్నెవి. కిందుండేటివి జరిగినెవి" అనేవాడు.

ఆ టీ అంగడి నంద్యాల స్టేషను రోడ్డులో, ఒక రైసు మిల్లుకు ఎదురుగా ఉండేది. ఊక దుమ్ము ఎప్పుడూ గాలిలో తేలుతూ ఉండేది, టీలో కూడా పడేది. డెబ్భైల మొదట్లో నేను కొత్తగా అర్థశాస్త్రం లెక్చరరుగా చేరాను. ప్రభుత్వం మీద నాకు అపారమైన నమ్మకం. బ్యాంకులు జాతీయం చేశారు, రాజభరణాలు తీసేశారు, ఇక బీదవాడి రోజులు వచ్చాయని క్లాసులోనూ చెప్పేవాణ్ని, క్లాసు బయటా చెప్పేవాణ్ని. ఆ రోజు మా లెక్కల లెక్చరరుకు లెవీ గురించి వివరిస్తున్నాను. పండించిన రైతు తన ధాన్యంలో కొంత భాగం సర్కారు చెప్పిన ధరకు సర్కారుకే ఇవ్వాలి, దానితో పట్నంలో రేషను నడుస్తుంది, ఇందులో అన్యాయం ఏముందని.

"సారూ, ఒగ మాట అడుగుతా, చెప్తావా?" అన్నాడు పక్క బల్ల మీదాయన.

"అడుగన్నా."

"ఈ లెవీవాళ్లు మా ఊళ్లకొచ్చినారు గదా. వచ్చినోళ్లు ఎప్పుడు పోతారంట?"

నవ్వాను. "కరువు తీరితే పోతారు."

చేయి చాపాడు. "ఆగు. కరువు తీరిందని ఎవురు చెప్పాల? కరువుపడినోడా, వచ్చినోళ్లా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాననే ఆ రోజు అనుకున్నాను. గణాంకాలు, ప్రణాళికలు, ఏవేవో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. టీ మాత్రం తాగకుండానే లేచిపోయాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. మిల్లులో పని ఉన్నా లేకపోయినా ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా ఆ అంగడికి రావడం అలవాటు చేసుకున్నాడు. నేనూ కాలేజీ వదలగానే అటే నడిచేవాణ్ని.

ఆయన అన్నీ తెలిసినవాడు కాదు. వియత్నాం బర్మా పక్కనే ఉందని చివరిదాకా నమ్మాడు. మ్యాపు తెచ్చి చూపిస్తే, "మ్యాపు గీసినోడు ఆడికి పోయినాడా?" అన్నాడు. దేశాలన్నీ ఆయనకు ఊళ్లే. అమెరికా ఒక వర్గం, రష్యా ఒక వర్గం. మిగతావన్నీ ఈ రెండు వర్గాల మధ్య ఇరుక్కున్న ఇళ్లు. మా ప్రాంతంలో 'వర్గం' అనే మాట ఎవరూ ఊరికే వాడరు. ఆయన గట్టిగా ఆ మాట అన్నప్పుడల్లా పక్క బల్లల మీద మాటలు ఒక్క క్షణం ఆగిపోయేవి. ఎవరో ఒకరు తల తిప్పి ఈయన ఎవరి మనిషా అని చూసేవాళ్లు. ఎవరి మనిషీ కాదు. అదే ఆయన గొప్ప, అదే ఆయనకు ప్రమాదం.

బంగ్లాదేశ్ యుద్ధం గురించి మాత్రం ఆయన గర్వంగా మాట్లాడేవాడు. నేను దొరికాడనుకున్నాను. "మరి అప్పుడు మనం పోలేదా అన్నా, ఇంకొకరి ఇంట్లోకి?"

"పోయినారు. పని జేసినారు. వచ్చేసినారు. నేను పోవద్దంటినా? ఎప్పుడొస్తారో చెప్పి పొమ్మంటాండా."

లెవీ సంగతి ఆయన నాకు చెప్పింది తర్వాత ఎప్పుడో. ఆ ఊళ్లో తూర్పు వీధి ఒక వర్గం, పడమటి వీధి ఒక వర్గం. ఈయన ఇల్లు రెండింటికీ మధ్యలో. ఒక సంవత్సరం లెవీ అధికారులు జీపులో వచ్చి, ఊరంతా వదిలిపెట్టి తూర్పు వీధిలో నాలుగిళ్ల ధాన్యం పాతర్లు మాత్రమే తవ్వించారు. వాళ్లకు ఆ నాలుగిళ్లు చూపించింది పడమటి వీధి పెద్ద. మరుసటి ఏడు అధికారి మారాడు, తూర్పు వీధివాళ్లు అతన్ని ముందే పట్టుకున్నారు. ఈసారి పడమటి వీధిలో తవ్వారు.

"సర్కారు వడ్ల కోసం రాలేదప్పా" అన్నాడాయన. "ఈళ్ల కోసం ఒగసారి, ఆళ్ల కోసం ఒగసారి వచ్చింది. పైనుంచి ఎంత పెద్ద చెయ్యి దిగినా సరే, దాని మణికట్టు పట్టుకునేటోడు ఊళ్లోనే ఉంటాడు."

ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాను. "అన్నా, మా అమ్మ మీలాంటివాళ్ల వరి మడుల్లో నాట్లేసిన మనిషి. పంట మీ ఇంట్లో ఉన్నప్పుడు మా ఇంట్లో గంజి ఉండేది. మా ఇంటికి ఎవరూ పిలవకుండానే వచ్చింది సర్కారు. హాస్టల్లో పెట్టింది, స్కాలర్‌షిప్ ఇచ్చింది, ఈ ఉద్యోగం ఇచ్చింది. చర్చివాళ్ల మిషను బడి ఒకటి, సర్కారు ఒకటి. ఆ రెండూ రాకపోయుంటే నేను ఈ బల్ల మీద నీ పక్కన కూర్చునేవాణ్నా? కూర్చోనిచ్చేవాడివా?"

ఆయన చాలాసేపు కింద ఉన్న చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"కూర్చోనిచ్చేటోణ్ని కాదు" అన్నాడు చివరికి. "నిజమే చెప్తాండా. నీ ఇంటికొచ్చిన సర్కారు, నా ఇంటికొచ్చిన సర్కారు ఒగటే కాదప్పా. నాకు ఆ సర్కారు తెలీదు. నీకు ఈ సర్కారు తెలీదు."

ఆ రోజు మాట తేలిందో లేదో నాకు తెలియదు. టీ మాత్రం తాగాడు. పై ఆదివారం నన్ను ఊరికి భోజనానికి పిలిచాడు. నడింట్లో, తన పక్కన పీట వేసి కూర్చోబెట్టాడు. ఆయన భార్య జొన్న సంగటి, వేరుశనగ ఊరిమిండి పచ్చడి, గోంగూర వడ్డించింది. వీధిలో పోయేవాళ్లు వాకిలి దగ్గర ఒకసారి ఆగి లోపలికి చూసి పోతున్నారు. ఆయన తలుపు మూయలేదు.

ఎమర్జెన్సీ రోజుల్లో టీ అంగడిలో మాట తగ్గిపోయింది. గోడ మీద కొత్త నినాదాలు రాశారు. ఎవరు ఎవరో తెలియని కాలం. ఒక మధ్యాహ్నం ఈయన మాత్రం మామూలుగా చెప్పులు విడిచి, కాళ్లు ముడుచుకుని, "ఇదెప్పుడు పోతాదంట సారూ?" అన్నాడు. అంగడి యజమాని ఏమీ వినబడనట్టు రేడియో గొంతు పెంచాడు. ఆ మూల ఎవరో తెలియని మనిషి గ్లాసు కింద పెట్టి మమ్మల్నే చూస్తున్నాడు. నేను ఆయన మోచేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. రోడ్డు మీద చేయి విదిలించుకుని, "అడగడం గూడా మానేస్తే వాళ్లు పోవాలని వాళ్లకెట్లా తెలుస్తాదప్పా?" అన్నాడు.

రష్యా సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లోకి పోయిన చలికాలం బాగా గుర్తుంది. కంబళి కప్పుకుని వచ్చాడు. నేను అప్పటికీ రష్యా పక్షమే. "ఆ దేశపు ప్రభుత్వమే పిలిచిందన్నా. పిలిస్తే పోవడం తప్పా?" అన్నాను.

"పిలిచినారా? ఇంటాయన పిలిచినాడా, ఇంట్లో ఒగడు పిలిచినాడా?"

"ప్రభుత్వం అంటే ఇంటాయనే కదా."

"ఇంట్లో కొట్లాట జరుగుతాంటే, ఇంటాయన ఎవురో తేల్చడానికే గదప్పా ఆ కొట్లాట? నువ్వు పోయి ఒగని పక్కన నిలబడి, ఈయప్పే ఇంటాయన, ఈయప్పే నన్ను పిలిచినాడంటే ఎట్లా?" కంబళి దగ్గరికి లాక్కున్నాడు. "చానా దినాలుంటారు చూడు. పిలిచినోడు చచ్చిపోతాడు. ఈళ్లు మాత్రం ఉంటారు."



కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా మధ్య మళ్లీ పెద్ద యుద్ధం జరిగింది. మా అమ్మ అప్పటికి ముసలిదైపోయింది. రోజూ రెండు పూటలా వరన్నం తినడం ఆమె జీవితంలో అదే మొదలు. ఆ మాటే చెప్పాను. ఆయన కాదనలేదు. "మీ అమ్మ తినాల. తినొద్దని నేనెట్లంటా?" అన్నాడు. "అయితే ఒగటి చూడు. మా ఇంట్లో పిల్లోడు సంగటి తిననంటాండాడు. రేపు జొన్న ఎవురూ వెయ్యరు. కొర్ర ఎవురూ వెయ్యరు. వానల్లేని ఏడు ఆ బియ్యం బండి రాకపోతే ఏం తింటారో సర్కారు చెప్పిందా?" ఆయన ఆ మాట అన్న కొన్నేళ్లకు నేను ఆళ్లగడ్డ రోడ్డు మీద పోతూ జొన్న చేల కోసం వెతికాను. ఆముదం కనిపించింది, పత్తి కనిపించింది. జొన్న ఎక్కడో ఒక మూల కనిపించింది.

ఆ సంగటి తిననన్న పిల్లాడు ఆయన ఒక్కగానొక్క కొడుకు. మా కాలేజీలోనే ఇంటర్ చదివి తప్పాడు. మెత్తని పిల్లవాడు, తండ్రిలాగా మాట్లాడేవాడు కాదు. ఊరికి తిరిగిపోయాక తూర్పు వీధి కుర్రాళ్లతో తిరగడం మొదలుపెట్టాడు. మా ప్రాంతంలో ఒక వయసు కుర్రాడు ఎవరితో కలిసి కాలువకు ఈతకు పోతాడన్నది కూడా వర్గమే.

ఆ తర్వాత ఊళ్లో పడమటి వీధి మనిషిని ఒకణ్ని పట్టపగలు కాలువ మోరీ దగ్గర నరికారు. ఎవరు చేశారో అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు. ఇక జరగాల్సింది ఏమిటో కూడా అందరికీ తెలుసు. ఎప్పుడు, ఎవరి మీద అన్నదే తెలియదు. బస్సు ఆ ఊరి దగ్గర ఆగితే కిటికీ పక్క సీట్లవాళ్లు లోపలికి జరిగేవాళ్లు. ఆడవాళ్లు నీళ్లకు గుంపుగా పోయి గుంపుగా వచ్చేవాళ్లు. కుక్కలు మొరిగినా ఎవరూ తలుపు తీసేవాళ్లు కాదు.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన నా వాకిట్లో నిలబడి ఉన్నాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు.

"సారూ, నాతో ఒగ తావుకు రావాల."

"యాడికన్నా?"

"పోలీసాఫీసరు దగ్గరికి. నువ్వు మాట్లాడితే ఇంటారు. మా ఊళ్లో పికెట్టు పెట్టించాల."

నా ముఖంలో ఏం కనిపించిందో, "తెలుసప్పా" అన్నాడు. "నేనేం మాట్లాడేటోణ్నో నాకు గుర్తుండాది. నాకొగడే కొడుకు."

ఇద్దరం పోయాం. ఆ అధికారి చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించాడు, అంతా విన్నాడు. "మీరు ఏ వైపు?" అని అడిగాడు.

"ఏ పక్కా కాదు సార్."

"ఏ పక్కా కాని మనిషి అడిగితేనే మాకూ మంచిది. రేపే పంపిస్తాను" అన్నాడు.

ఈయన లేవలేదు. కుర్చీ అంచు మీద కూర్చుని, గొంతు సవరించుకుని, "ఎన్నాళ్లుంటారు సార్?" అన్నాడు.

"సద్దుమణిగేదాకా."

బయటికి వచ్చాక ఆయన మెట్ల మీద కాసేపు నిలబడిపోయాడు. ఎండ మాడుతోంది. "సద్దుమణిగిందని ఎవురు చెప్తారని అడగాల్సింది" అన్నాను నేను, ఏదో తేలిక చేద్దామని. ఆయన నవ్వలేదు.

పికెట్టు వచ్చింది. ఊరి బడిలో దిగారు. మొదట్లో ఊరు ఊపిరి పీల్చుకుంది. పిల్లలు కానిస్టేబుళ్ల వెంట తిరిగారు. తలుపులు తెరుచుకున్నాయి. ఆయన టీ అంగడికి వచ్చి, "నీ మాటే నెగ్గిందప్పా. కొన్ని పనులకు వాళ్లు రావాల" అన్నాడు. ఆ రోజు ఆయన టీ వేడిగా ఉండగానే తాగడం చూశాను. వాదన ఏమీ లేదు కదా.

నేను ఆ ఊరికి మళ్లీ పోయింది కొన్ని నెలల తర్వాత. బడి వసారాలో తుపాకులు గోడకు ఆనించి ఉన్నాయి. నల్లబల్లకు తాడు కట్టి ఖాకీ గుడ్డలు ఆరేశారు. పిల్లలకు చదువు లేదు. టీచరు ఆళ్లగడ్డలో ఉండిపోయాడు. ఊళ్లో దిగినవాళ్లు తినాలి కదా. కోళ్లు, పాలు, సన్నబియ్యం పడమటి వీధి పెద్ద ఇంటి నుంచి వచ్చాయి. ఎవరూ అడగలేదు, ఆ పెద్దే పంపాడు. కొన్నాళ్లకు పోలీసుల సాయంత్రాలు ఆ పెద్ద అరుగు మీదే గడిచాయి. దాంతో తూర్పు వీధికి ఆ పికెట్టు సర్కారుది కాకుండా పోయింది.

ఒక రోజు తూర్పు వీధి కుర్రాళ్లను కొందరిని పట్టుకుపోయి బడి గదిలో పెట్టారు. వాళ్లలో ఈయన కొడుకు ఉన్నాడు. ఈయన పరుగెత్తుకుంటూ పోయాడు. వసారాలో ఉన్న జమేదారు, "పెద్దాయనా, మమ్మల్ని పిలిచింది నువ్వే గదా. పని చేసుకోనీయి" అన్నాడట. లోపల నుంచి దెబ్బల చప్పుడు వినిపిస్తూ ఉందట. ఆయన ఆ వసారా మెట్టు మీదే కూర్చుండిపోయాడట, ఎవరు లేపినా లేవకుండా. ఇదంతా ఆయన చెప్పలేదు. ఆయన భార్య చెప్పింది నాకు.

కొడుకు ఇంటికి వచ్చాక తండ్రితో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు అతనికి తూర్పు వీధి స్నేహమే కాదు, వాళ్ల పగ కూడా వచ్చింది. ఆయనకు భయం పట్టుకుంది. కర్నూలులో సైన్యానికి మనుషుల్ని ఎంపిక చేస్తున్నారని తెలిసి కొడుకును తనే వెంటబెట్టుకుపోయాడు. "తుపాకీ పట్టక తప్పదనుకుంటే ఊరికి దూరంగా పట్టనీ" అన్నాడు నాతో. అతను చేరాడు. రైలు ఎక్కేటప్పుడు తండ్రి కాళ్లకు మొక్కాడు గానీ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆయన తిరగని ఆఫీసు లేదు. పికెట్టు తీసేయమని. పిల్లలకు బడి కావాలని, ఊళ్లో ఇప్పుడు గొడవలేమీ లేవని. గొడవలు లేనిది పికెట్టు ఉండబట్టే కదా అన్నారు వాళ్లు. రెండు వీధులవాళ్లూ ఆయన్ని అనుమానంగా చూశారు. అయినా తిరిగాడు. చివరికి ఒకరోజు లారీ వచ్చి వాళ్లను ఎక్కించుకుపోయింది. ఆయన స్వయంగా బడి ఊడ్పించాడు. నల్లబల్ల కడిగించాడు. టీచరును ఆళ్లగడ్డ నుంచి పిలుచుకొచ్చాడు.

వేరుశనగ పీకే రోజుల్లో ఆ ఊరి కళ్లం దగ్గర ఇద్దరు చచ్చిపోయారు. తూర్పు వీధి మనిషి ఒకడు, పడమటి వీధి మనిషి ఒకడు. ఆయన నంద్యాలకు వచ్చి, బల్ల మీద కూర్చుని, చెప్పులు విడవకుండానే ఆ మాట చెప్పాడు.

"పడమటోళ్ల ఆడమనిషి నా వాకిట్లోకొచ్చి మట్టి ఎత్తి పోసిందప్పా. 'పంపించింది నువ్వే గదా' అనింది. పోయినేడు తూర్పోళ్లు 'పిలిచింది నువ్వే గదా' అన్న్యారు." ముందున్న గ్లాసు పక్కకు జరిపి, "రెండూ నిజమే" అన్నాడు.

ఆనాటి నుంచి ఆయన వాదించలేదు. వచ్చేవాడు, కూర్చునేవాడు, మేం మాట్లాడుకునేది వినేవాడు. మా లెక్కల లెక్చరరు ఆయన్ని కదిలిద్దామని బ్యాంకుల గురించో, అమెరికా గురించో ఎత్తేవాడు. ఆయన చిన్నగా తల ఊపేవాడు. ఎవరు ఏ పక్కకు లాగినా అటే తల ఊపేవాడు. అది చూడటం నాకు భరించరానిదిగా ఉండేది.

మన సైన్యం శ్రీలంకకు పోయిన వానాకాలంలో టీ అంగడంతా ఉత్సాహంగా ఉంది. ఒప్పందం కుదిరింది, మన పెద్దరికం నిలబడింది, అక్కడివాళ్లు మనవాళ్లకు పూలదండలు వేస్తున్నారని పేపర్లో బొమ్మలు. ఆయన అందరి ఉత్సాహం చల్లారేదాకా కూర్చుని, నా వైపు తిరిగి, "మావోడు గూడా ఆడికే పోయినాడంట" అన్నాడు.

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. "పిలిస్తేనే పోయినారన్నా. శాంతి కోసమే పోయినారు."

"అవునప్పా" అన్నాడు. "పిలిచినారు."

చలికాలం వచ్చేసరికి మనవాళ్లకూ అక్కడి తమిళ పులులకూ యుద్ధం మొదలై, బొమ్మలు మారిపోయాయి. ఆయన రోజూ రావడం మొదలుపెట్టాడు. ఆళ్లగడ్డకు పేపరు ఆలస్యంగా వస్తుందని తొలి బస్సుకే నంద్యాలకు వచ్చి, అంగడి తెరవకముందే మెట్ల మీద కూర్చునేవాడు. తను చదివేవాడు కాదు. నన్ను చదవమనేవాడు. చనిపోయినవాళ్ల గురించి వచ్చినప్పుడు నా గొంతు నెమ్మదించేది. "గట్టిగా చదువు" అనేవాడు. ఊరి పేర్లన్నీ తెలియని పేర్లు. ఒక్కో పేరూ రెండుసార్లు చెప్పించుకునేవాడు, మ్యాపులంటే నవ్విన మనిషి.

కొడుకు ప్రాణంతో తిరిగి వచ్చాడు. మోకాలి కింద దెబ్బ తగిలి, కాలు సరిగా ఆనక, పింఛనిచ్చి పంపించేశారు. నేను చూడబోయాను. అతను మంచం మీద ఉన్నాడు, తండ్రి గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఇంకా పెద్దగా మాట్లాడుకుంటున్నట్టు లేదు.

"అక్కడివాళ్లు మిమ్మల్ని ఎట్లా చూసినారప్పా?" అని అడిగాను నేనే.

"మొదట్లో హారతులిచ్చినారు సార్. బొండాలు కొట్టిచ్చినారు. మా చేతులు పట్టుకోని ఏడ్చినారు ముసలోళ్లు." కాలు సవరించుకున్నాడు. "తర్వాత మేం వీధిలోకి వస్తే తలుపులేసుకున్న్యారు."

"యాడుండేవాళ్లు మీరు?"

"బడిలో సార్. పిల్లోళ్ల బడి. బల్లలన్నీ బయటేసి దిగినాం."

గడప దగ్గర అలికిడైంది. చూసేసరికి ఆయన లేచి, వీధి దాటి, పొలాల వైపు పోతున్నాడు. భుజం మీద తువ్వాలు జారి పడిపోయింది కూడా చూసుకోలేదు. నేను బస్సుకు లేచేదాకా తిరిగి రాలేదు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.

బస్సులో కబురు తెలిసిన వారంలో ఆళ్లగడ్డకు పోయి, అక్కడి నుంచి ఆ ఊరికి పోయాను. కొడుకు వరి మడి గట్టు మీద ఉన్నాడు. పొలం చూసుకుంటున్నాడు, కుంటుకుంటూనే. గట్టు మీదే పక్కపక్కన కూర్చున్నాం. ఆయన ఎట్లా పోయాడో చెప్పాడు. ఛాతీలో నొప్పి, ఆళ్లగడ్డ ఆసుపత్రి, నంద్యాలకు తీసుకుపొమ్మన్నారు, ఈయనే వద్దన్నాడు.

"నాయన నన్ను ఆడి సంగతులు ఎప్పుడూ అడగలేదు సార్. మీరొచ్చిన దినం నుంచి ఒక్క మాట అడగలేదు. పోయే ముందు అడిగినాడు. ఆసుపత్రిలో."

"ఏమడిగినాడు?"

"'ఆడ నీకెవురన్నా అన్నం పెట్టినారా?' అన్న్యాడు. పెట్టినారు నాయనా అంటి. అందరూ తలుపులేసుకున్నంక గూడా ఒగ ముసలామె పెట్టింది సార్ నాకు. మేం గస్తీకి పోతాంటే తలుపు సందులో నుంచి గిన్నె బయట పెట్టి, మళ్లీ తలుపేసుకుండె. అన్నం, చేపల పులుసు. ఎందుకు పెట్టిందో నాకు తెలీదు. ఆమె కొడుకు యాడన్నా తుపాకీ పట్టుకోని తిరుగుతాండాడేమో. నా ఈడువాడేమో. 'ఆయమ్మ ఉండాదా?' అన్న్యాడు నాయన. తెలీదు నాయనా అంటి. మేం మళ్లీ పోయేసరికి ఆ వీధే లేదు సార్. ఇండ్లు లేవు."

మడిలో నీళ్లు ఒక పక్క నుంచి తెగిపోతున్నాయి. అతను లేచి చేత్తో మట్టి వేసి గండి పూడ్చి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"కండ్లు మూసుకున్న్యాడు. నిద్రపోయినాడనుకుంటి. మళ్లీ కండ్లు తెరిచి, 'ఆయమ్మ పేరేంది?' అన్న్యాడు. నాకు తెలీదన్న్యా. 'అన్నం పెట్టినామె పేరు గూడా అడగలేదా రా?' అన్న్యాడు సార్."

చేతికంటిన మట్టి ఎండిపోతోంది. దాన్ని గోటితో గీకుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"మేం ఆడ పేర్లు అడిగేది మనుషుల్ని పట్టకపోయేదానికే సార్. అందుకే అడగలేదు."